రూములో పెట్టె కట్టుకుని ల్యాప్ కుట్లు నేర్చుకోవాలి: కొలతలు, తప్పులు చెప్పండి

రెండో_ఏడు_పీజీ, కర్నూలు

సీనియర్లందరికీ నమస్కారం. జనరల్ సర్జరీ ఎంఎస్ రెండో ఏడాది. ల్యాప్ కోలీ (పొట్ట తెరవకుండా చిన్న రంధ్రాల గుండా, కెమెరాతో చూస్తూ పిత్తాశయం తీసే ఆపరేషన్) పడిన రోజు నా చేతికి కెమెరా వస్తుంది, అంతే. నీడిల్ హోల్డర్ (సూది పట్టే పరికరం) అడగాలంటే ముందు చేయి కుదరాలి. ప్లాస్టిక్ డబ్బాతో రూములోనే ట్రైనర్ (సాధన పెట్టె) కట్టుకుందామనుకుంటున్నా. కొలతలు ఎంతెంత పెట్టాలి? దేనితో మొదలుపెట్టాలి? డిపార్ట్‌మెంట్ ట్రైనర్ మీద లోపల కట్టే ముడి వేస్తుంటే బిగిసినట్టే బిగిసి జారిపోతోంది. తప్పు ఎక్కడ ఉంటుంది సార్?

కడప_సర్జన్

డబ్బా ఏదైనా పర్వాలేదు, కోణం తప్పితే మాత్రం నెలల సాధన వంకరగా పోతుంది. మామూలు 5 మి.మీ. ఇన్‌స్ట్రుమెంట్ పొడవు సుమారు 36 సెం.మీ. అందులో సగం లోపల, సగం బయట ఉంటే మీ చేయి ఎంత కదిలితే కొన అంతే కదులుతుంది. లోపల తక్కువ ఉంటే చేయి బారెడు ఊపినా కొన బెత్తెడు కదలదు. లోపల ఎక్కువైతే చిన్న వణుకు కూడా స్క్రీన్ మీద పెద్దదవుతుంది. అందుకని పోర్టు (ఇన్‌స్ట్రుమెంట్ దూర్చే రంధ్రం) నుంచి టార్గెట్‌కు, అంటే కుట్టే చోటికి, 18 సెం.మీ. పెట్టండి, రెండు పోర్టుల మధ్య కూడా 18 పెట్టండి. సమబాహు త్రిభుజం కాబట్టి రెండు ఇన్‌స్ట్రుమెంట్లు 60 డిగ్రీల దగ్గర కలుస్తాయి. కుట్లకు ఆ కోణమే అనుకూలం. ఇరుకైతే కత్తులు కొట్టుకున్నట్టు ఒకదానికొకటి తగులుతుంటాయి.

డబ్బా ఎత్తు 15 నుంచి 18 సెం.మీ. చాలు. లోపలికి చూపు పోనిది తీసుకోండి, లేకపోతే తెలియకుండానే పక్క నుంచి చూసేస్తారు. దాన్ని అన్నం తినే టేబుల్ మీద పెట్టొద్దు. టేబుల్ 75, డబ్బా 16, దానిపైన హ్యాండిల్ ఇంకో 15 అంటే 106 సెం.మీ. అవుతుంది, భుజాలు పైకి లేస్తాయి. 50 సెం.మీ. స్టూలు మీద పెట్టి నిలబడి చేయండి, మోచేయి లంబకోణం కన్నా కాస్త తెరుచుకుని ఉండాలి. ఫోన్ కెమెరాను వైఫై యాప్‌తో కలిపితే బొమ్మ ఆలస్యంగా వస్తుంది, చేయి దానికి అలవాటుపడి తడబడుతుంది. కేబుల్‌తోనే కలపండి. ఆటో ఫోకస్ లాక్ చేయండి.

మొదటి రెండు వారాలు సూది ముట్టుకోవద్దు. నానబెట్టిన శనగలు ఆరు తీసుకోండి. ఎడమ చేత్తో ఎత్తి, గాల్లోనే కుడి చేతికి మార్చి, సీసా మూతలో వేయండి, మళ్లీ తిరుగు దారి పట్టించండి. ఎండు శనగలు వద్దు. నానినదాన్ని గట్టిగా నొక్కితే పొట్టు ఊడొస్తుంది, మీ పట్టు ఎంత మోటుగా ఉందో అక్కడే తెలిసిపోతుంది. పేగు మీద అదే పట్టు పడితే ఏమవుతుందో ఊహించుకోండి. ఎఫ్‌ఎల్‌ఎస్ (ల్యాప్ సర్జరీ మౌలిక నైపుణ్యాల) పరీక్షలో ఇలాంటి పనికి లక్ష్యంగా పెట్టుకునే సమయం 48 సెకన్లు, గాజుగుడ్డ మీద వృత్తం కత్తిరించడానికి 98, లోపలి ముడికి 112. ముందు తప్పు లేకుండా చేయండి, గడియారం తర్వాత చూడొచ్చు. రోజూ అరగంట చాలు. ఆదివారం ఒక్కరోజే నాలుగు గంటలు కూర్చుంటే అలసిన చేయి తప్పునే నేర్చుకుంటుంది.

సూదీ_దారం, అనంతపురం

మీ ముడి సంగతి చెబుతాను తమ్ముడూ. జారడానికి మామూలుగా రెండే కారణాలు. ఒకటి, రెండో చుట్టు కూడా మొదటి దిశలోనే వేయడం. అప్పుడు అది చదరపు ముడి కాదు, లాగిన కొద్దీ జారుతుంది. రెండోది, రెండు కొసల్నీ ఎదురెదురుగా సమానంగా లాగకుండా ఒకదాన్నే పైకి ఎత్తడం. దారం తిన్నగా నిలబడి దాని చుట్టూ రెండోది ఉచ్చులా జరుగుతుంది.

2-0 (దారం మందం) సిల్క్ 15 సెం.మీ. కత్తిరించుకోండి, అంతకన్నా పొడుగైతే లోపల చిక్కుపడుతుంది. సూదిని కొన నుంచి మూడింట రెండు వంతుల దూరంలో, హోల్డర్‌కు లంబంగా పట్టాలి. అది తిరగబడితే సూదినే పట్టుకుని కుస్తీ పడొద్దు. సూదికి 2 సెం.మీ. వెనక దారాన్ని ఎడమ చేత్తో పట్టుకుని, సూది కొనను టిష్యూ మీద తేలిగ్గా ఆనించి దారాన్ని తిప్పితే సూది దానంతటదే సరిగ్గా నిలబడుతుంది. దారం లాగాక పొట్టి కొస 2 సెం.మీ. మిగిలేలా ఆపండి. పొడుగు వదిలితే చుట్టులోంచి అది పూర్తిగా బయటికి రాదు, మడత పడి లోపలే ఉండిపోతుంది. పొడుగు దారంతో ‘సి’ ఆకారం చేసి, హోల్డర్‌ను ఆ వంపు మీద ఆనించి రెండుసార్లు చుట్టండి. తర్వాత సూదిని చేయి మార్చి ఎదురు దిశలో ఒకటి, మళ్లీ చేయి మార్చి ఇంకోటి. చుట్టేటప్పుడు హోల్డర్ కాదు, దారం పట్టిన చేయే తిరగాలి. ఈ ఒక్కటి సరిచేసుకుంటే సగం సమయం మిగులుతుంది.

రెండో_ఏడు_పీజీ, కర్నూలు

అక్కా, రెండో చుట్టు దిశే తప్పు వేస్తున్నాను, ఇప్పుడర్థమైంది. మాంసం మీదికి ఎప్పుడు వెళ్లొచ్చు?

సూదీ_దారం, అనంతపురం

పెట్టెలో రబ్బరు ముక్క మీద వరసగా పది ముళ్లు జారకుండా పడ్డాక. మటన్ కొట్టులో కార్జం కొనేటప్పుడు ముందే చెప్పాలి, పిత్తాశయం కోసెయ్యొద్దని. చేదు అంటుతుందని వాళ్లు మొదట దాన్నే తీసి పారేస్తారు. కార్జం మీంచి దాన్ని చిరగకుండా విడదీయడం మంచి సాధన. పసరు కారిందంటే మీరు పొర తప్పారన్నమాట. బోటి తెచ్చి 3-0 విక్రిల్‌తో (కరిగిపోయే దారం) అతకండి, కుట్టుకూ కుట్టుకూ మధ్య 5 మి.మీ., అంచు నుంచి 5 మి.మీ. తర్వాత సిరంజితో నీళ్లు నింపి చూడండి, ఎక్కువగా మూల తిరిగే చోటే కారుతుంది. గ్లౌజులు తప్పనిసరి, గొర్రెలు మేకల నుంచి బ్రుసెల్లా సోకుతుంది. తిండి పెట్టే ఫ్రిజ్‌లో పెట్టొద్దు. ఇన్‌స్ట్రుమెంట్లను బ్లీచింగ్ నీళ్లలో నానబెడితే స్టీలుకు గుంటలు పడతాయి, ఎంజైమ్ క్లీనర్ వాడండి.

పాతతరం_ఓపెన్

పెట్టె సాధన మంచిదే. కానీ అది చేతిని తయారుచేస్తుంది, ఎక్కడ ఆగాలో చెప్పదు. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహే, 1990లో ముంబైలో డాక్టర్ ఉద్వాడియా ల్యాప్ కోలీ మొదలుపెట్టాక, కొద్దిరోజుల వర్క్‌షాపులతో నేర్చుకుని చేసిన తొలి రోజుల్లో పైత్యనాళం గాయాలు పెరిగాయి. 1995లో స్ట్రాస్‌బర్గ్ అనే సర్జన్ ‘క్రిటికల్ వ్యూ’ను (క్లిప్పు వేసే ముందు తప్పక కనిపించాల్సిన దృశ్యం) వివరించింది ఆ గాయాలను ఆపడానికే. గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) మెడ దగ్గరి త్రికోణంలో కొవ్వు, పీచు పూర్తిగా తీసేయాలి. గాల్‌బ్లాడర్ కింది మూడో వంతు కార్జం నుంచి విడిపోవాలి. గాల్‌బ్లాడర్‌లోకి వెళ్లేవి, దాని నాళం, ధమని, రెండంటే రెండే కనిపించాలి. ఈ మూడూ లేకుండా క్లిప్పు వేయొద్దు. కనిపించకపోతే సబ్‌టోటల్ (గాల్‌బ్లాడర్‌లో కొంత వదిలి మిగతాది తీయడం) చేయాలి, లేదా పొట్ట తెరవాలి. తెరవడం ఓటమి కాదు, కానీ తెరిచే చేయి ఇప్పటి పీజీలకు తగ్గిపోతోంది. మీకు జిల్లా రెసిడెన్సీ (జిల్లా ఆసుపత్రిలో పని) మూడు నెలలు మూడు నుంచి ఐదో సెమిస్టర్ లోపల వస్తుంది. అక్కడ హెర్నియా, హైడ్రోసిల్, ఓపెన్ అపెండిక్స్ ఏది దొరికినా వదలకండి.

కడప_సర్జన్

పైవారి మాటకు ఇంకొకటి కలుపుతాను. చేతికి కెమెరా ‘అంతే’ వస్తుందన్నారు. క్రిటికల్ వ్యూ చూపించేది ఆ కెమెరానే డాక్టర్. 30 డిగ్రీల స్కోప్‌లో (కొన వాలుగా చూసే కెమెరా గొట్టం) లైట్ కేబుల్ ఎటుంటే చూపు దానికి ఎదురు వైపు ఉంటుంది. కేబుల్ పైకుంటే కిందికి చూస్తుంది, ఎడమకు తిప్పితే కుడికి చూస్తుంది. కేబుల్‌తో పాటు కెమెరా తలను కూడా తిప్పేస్తే సర్జన్‌కు కార్జం నిలువునా వాలిపోయి కనిపిస్తుంది. బటన్లు ఎప్పుడూ పైకే ఉంచి, కేబుల్ మాత్రమే తిప్పండి. చల్లటి స్కోప్ లోపలికి వెళ్తే ఆవిరి పడుతుంది, స్టెరైల్ వేడి సెలైన్ ఫ్లాస్కులో ముంచి తుడిచి పంపండి. రేపటి కేసులో సర్జన్ అడగకముందే గాల్‌బ్లాడర్ వెనక వైపు చూపించి చూడండి.