కిటికీ చట్రం అడుగు పుచ్చింది, పీకాల్నా అతకాల్నా?

కొర్లగుంట పాతిల్లు:
తిరుపతిలో తాత కట్టించిన సున్నపు గోడల ఇల్లు. తూర్పు పక్క రెండు కిటికీలకు అడుగు పట్టె పోయింది. పెయింటు నిగనిగలాడతా ఉంది, స్క్రూడ్రైవరు పెడితే బెండులోకి దిగినట్టు దిగింది. ఆచారి మొత్తం పీకేసి కొత్తది పెడదాం అంటాడు. ఎవరైనా అతుకు వేయించినారా?

గిరింపేట కోడలు:
పీకొద్దన్నా. చిత్తూరులో మేం ఆ పని చేసే చెడినాం. చట్రం చెవులు, అంటే పక్కలకు పొడుచుకొచ్చిన కొసలు, గోడ లోపలికుంటాయి, పెకలిస్తే గోడ జానెడు ఊడొచ్చింది. చెక్క కన్నా గోడకే ఎక్కువైంది. కొత్త చెక్క పచ్చిది, ఎండలకు వంగి రెక్కలు పడటం లేదు.

రెండు కిటికీలోడు:
ఇంత తిప్పలేల, యూపీవీసీ (ప్లాస్టిక్) కిటికీలు పెట్టించేయండి.

గిరింపేట కోడలు:
దానికీ పాతది పీకాల కదా సామీ!

ఉలి సుత్తి:
నా పనే ఇది. ముందు చెదలా కుళ్ళా చూడండి. చెదలైతే మట్టి కనబడుతుంది. కుళ్ళైతే చెక్క నల్లబడి మెత్తబడుతుంది, లేదంటే పెళుసుబారి పలకలుగా విరుగుతుంది. నిలువు పట్టెల్ని గట్టి చెక్క తగిలేదాకా కోసి, పాత టేకు ముక్కను సగం సగం చెక్కి అతకాల. వాటర్‌ప్రూఫ్ జిగురు, స్టెయిన్‌లెస్ స్క్రూలు. కోసిన కొసలే నీళ్ళు పీల్చేది, అక్కడ ప్రైమరు రెండు పూతలు.
అడుగు పట్టెలో ఊచలు దిగి ఉంటాయి, వాటిని తీయాల్సిన పన్లేదు. కొత్త పట్టెను నిడివిగా రెండుగా చీల్చి, ఊచలకు అర్ధచంద్రం గాట్లు పెట్టి, లోపలోటి బయటోటి కలిపి బిగిస్తే సరి.

తిరుచానూరు రోడ్డు:
నేను పుచ్చు గీకి ఎం-సీల్ నింపి, లప్పం పెట్టి పెయింటేసినా. రెండు వానాకాలాలకే దాని పక్కన మళ్ళీ మెత్తబడింది. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తూర్పు గాలితో కొడతాయి. నీళ్ళు ఎట్లా వస్తా ఉండాయో నేను చూడలా. సన్‌షేడ్ కింద గాడి లేదు, చుక్క వెనక్కి పాకి చట్రంలోకి పోతా ఉండింది.

ఉలి సుత్తి:
అదీ మాట. చెదలు కూడా ఉంటే గోడ మొదట్లో మట్టికి క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ అనే చెదల మందు, లీటరు మందుకు 19 లీటర్ల నీళ్ళు. చేతులకు గ్లౌజులు, పిల్లల్ని దూరంగా పంపండి.

కొర్లగుంట పాతిల్లు:
కిటికీ బయట చెంబుడు నీళ్ళు పోసి చూసినా. అన్నీ చెక్క వైపే వచ్చినాయి! పదేళ్ళ కింద వేయించిన సిమెంటు వాటం లోపలికుంది. ముందు మేస్త్రీని పిలుస్తున్నా. ఊచల గాట్ల సంగతి చెప్తే ఆచారి కాసేపు ఊరకుండి, 'మా నాయన అట్లే చేసేటోడు, కూలి మాత్రం రెండ్రోజులవుతుంది' అన్నాడు. ఒప్పుకున్నా.