రోజూ వేసే బొమ్మ కూడా ఆఫీసు పనిలా తయారైంది, ఏం చేయాలి?

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగిని, నల్గొండ

దేవరకొండ వైపు ఒక పల్లెలో బ్యాంకు శాఖలో పనిచేస్తున్నాను. పంట రుణాల రెన్యువల్, ఆధార్ అనుసంధానం, పింఛన్ల వరుస, వీటన్నిటి మీద బీమా పాలసీల టార్గెట్. అప్పు కోసం వచ్చిన రైతుకు మధ్యలో బీమా అంటగట్టాలి. పోయిన ఎండాకాలానికి నా పరిస్థితి ఎలా ఉందంటే, కౌంటరు అవతల ఎవరైనా "అమ్మా" అంటే చాలు, చిరాకు. ఆదివారం మధ్యాహ్నం నుంచే కడుపులో తిప్పడం. రక్త పరీక్షల్లో ఏమీ లేదు, ఒంట్లో మాత్రం సత్తువ లేదు.

దసరాకు పిల్లలను పానగల్ తీసుకెళ్లాను. ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పగలంతా నిలిచి ఉండే నీడ చూసి, పచ్చల సోమేశ్వరాలయానికి వచ్చాం. అక్కడి స్తంభాల దగ్గరే ఆగిపోయాను. బ్యాగులోని పాత డైరీలో ఒక శిల్పం నడుము వంపు గీశాను. బాగా రాలేదు. కానీ ఆ అరగంటలో టార్గెట్ గుర్తుకు రాలేదు. అప్పటి నుంచి పొద్దున బస్సుకు ముందు రోజూ ఏదో ఒకటి గీస్తున్నాను: గ్యాసు స్టవ్వు, చెప్పుల స్టాండు, బస్టాండులో కునుకు తీస్తున్న కండక్టరు. నిద్ర కుదుటపడింది.

ఈలోగా మా వారు వాటిని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టారు. "ఇవాళ్టి బొమ్మ ఏది వదినా?" అని అడిగేవాళ్లు తయారయ్యారు. మేనేజరు గారేమో తనిఖీ లోపు శాఖ గోడ మీద రైతు బొమ్మ వేసిపెట్టమంటున్నారు. ఇప్పుడు పెన్సిలు పట్టుకున్నా అదే కడుపులో తిప్పడం. మానేద్దామంటే మళ్లీ మొదటికి వస్తానేమోనని భయం. మీలో ఎవరికైనా ఇలా అయిందా?

జవాబు: నర్సు, మహబూబ్‌నగర్

అక్కా, మీరు చెప్పేదాన్ని బర్నౌట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని జబ్బుగా చెప్పలేదు. పనిచోట ఒత్తిడి ఎడతెగకుండా ఉండి, దాన్ని అదుపు చేయలేనప్పుడు వచ్చే స్థితి అంది. సత్తువ అడుగంటడం, పని మీద విరక్తి, ఏం చేసినా సరిగా చేయలేకపోతున్నామనిపించడం దాని గుర్తులు. అంటే మూలం పనిలో ఉంది. మొత్తం బరువు బొమ్మ మీద వేయకండి, ముందు వారం రోజులు సెలవు అడగండి.

బొమ్మ పనికిరాదని కాదు. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో 39 మంది పెద్దవాళ్లకు మట్టి, రంగు పెన్నులు, అతికించుకునే కాగితాలు ఇచ్చి, 45 నిమిషాలు ఇష్టం వచ్చింది చేసుకోమన్నారు. 2016లో ఆ ఫలితాలు వచ్చాయి. లాలాజలంలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ కొలిస్తే సుమారు 75 శాతం మందిలో తగ్గింది. ముందు అనుభవం ఉందా లేదా అన్నదానితో సంబంధం కనిపించలేదు. కొందరిలో పెరిగింది కూడా, ఆ సంగతి ఎవరూ పంచుకోరు! ఇష్టం వచ్చింది చేసుకోమన్నారు, గుర్తుపెట్టుకోండి. తనిఖీకి గోడ నింపమనలేదు.

నిద్ర మళ్లీ చెడినా, బతుకే వద్దనిపించినా ఆలస్యం చేయకుండా 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వానిదే, తెలుగులో మాట్లాడతారు.

జవాబు: చేనేత, పోచంపల్లి

చేతి పని చేస్తే మనసు తేలికపడుతుందని పట్నం వాళ్లు అంటుంటే నాకు నవ్వొస్తుంది. మా అమ్మ భుజాన్ని అడగండి. ఆమె ఆసు పోసేది, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పడం. ఒక్క చీరకు వేల సార్లు చేయి అటూ ఇటూ ఆడాలి. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేసింది తల్లి పడే ఆ బాధ చూడలేకే కదా. మాది అందమైన పనే, రోజూ చేసే పనే. అయినా సేద తీరదు. రంగు అంటకుండా నూలుకు చిటికి కట్టేటప్పుడు ఒక ముడి తప్పితే పువ్వు చెదురుతుంది, కూలి తెగుతుంది.

నాకు సేద తీరేది చిరుతల రామాయణం దగ్గర, అదే చేతిలో చెక్క చిరుతలు వాయిస్తూ ఆడిపాడే ఆట. రాత్రి భోజనాలయ్యాక గుడి ముందు చేరతాం. నా గొంతుకు ఎప్పుడూ కోతి వేషమే. అడుగు తప్పితే పక్కవాడు చిరుతతో ఒకటి తగిలిస్తాడు, అంతే, కూలి కోయడు. మీ గోడ బొమ్మకు ఏమైనా ఇస్తామన్నారా చెల్లెమ్మా? ఇవ్వరు. కుదరదని చెప్పేయండి.

జవాబు: విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు, వనపర్తి

అమ్మా, రోజూ కూర్చోవడం మానకు. రోజూ ఒక బొమ్మ పూర్తి కావాలన్నదే మానెయ్యి. పావుగంట చాలు, అయ్యేసరికి సగంలో ఉన్నా లేచిపో. రబ్బరు ఇంట్లో ఎవరికైనా ఇచ్చెయ్యి. చూపు వస్తువు మీదే పెట్టి, కాగితం వైపు చూడకుండా, చేయి ఎత్తకుండా దాని అంచు గియ్యి. వంకరగా వస్తుంది, రావాలి కూడా. కాగితం మీద వేస్తే దాచాలనిపిస్తుంది, దాస్తే చూపాలనిపిస్తుంది. అందుకని కొన్నాళ్లు పలక, బలపం పట్టు. గీసి తుడిచెయ్యి. స్టేటస్‌లో పెట్టడానికి మీ ఆయనకు ఏమీ దొరకదు.

ప్రశ్న అడిగినవారు

మాస్టారూ, ప్రకాశం బజారులో పలక దొరికింది. మా చిన్నదాని కంటే నేనే ఎక్కువ వాడుతున్నాను. మేనేజరు గారికి నా చేత కాదని చెప్పాను. మొహం ముడుచుకున్నారు, పెయింటరును పిలిపించుకుంటారట. మా వారు మాత్రం రెండు రోజులు అలిగారు. సెలవు వారం అడిగితే మూడు రోజులు ఇచ్చారు, ఈ నెలాఖరులో. అన్నా, మీ చిరుతల వాళ్లు ఆడవాళ్లను చేర్చుకుంటారా, లేక చూడటానికి మాత్రమేనా?