తెలియని బేస్ ఆంప్ ఎదురైతే: ముందు ఇన్‌పుటా, వెనక రిటర్నా?

నాలుగుతీగలు
స్టేజి మీద బేస్ గిటార్ ఆంప్ నిర్వాహకులదే. ఏ మోడలో ముందుగా తెలీదు, సౌండ్‌చెక్‌కి దొరికేది ఐదు నిమిషాలు. చేతిలో మాత్రం సొంత ప్రీఆంప్ పెడల్ (టోన్ తీర్చిదిద్దే చిన్న పెట్టె) ఉంది. దాన్ని ఆంప్ ముందున్న ఇన్‌పుట్‌కి ఇవ్వాలా, లేక వెనక ఎఫెక్ట్స్ రిటర్న్‌లో పెట్టి ఆంప్ ప్రీఆంప్‌ని అసలు తాకకుండా పోవాలా? నేను రిటర్న్ పక్షం. టోన్ అంతా పెడల్లోనే తయారైపోతే, దొరికింది ఏ ఆంప్ అయినా ఉత్త పవర్ ఆంప్‌గా పనిచేస్తే చాలు. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

మంద్రం
నేను కాదంటాను. మీ లెక్క మాస్టర్ (మొత్తం వాల్యూమ్) నాబ్ ఎక్కడుందన్న దాని మీద ఆధారపడి ఉంది. అది లూప్ (ప్రీఆంప్‌కీ పవర్ ఆంప్‌కీ మధ్య ఉండే సెండ్, రిటర్న్ జాక్‌ల జత) తర్వాత ఉంటే ఇబ్బంది లేదు. లూప్‌కి ముందే ఉంటే రిటర్న్‌లోకి వచ్చిందంతా తిన్నగా స్పీకర్‌కి పోతుంది, ప్యానెల్ మీద మాస్టర్ సున్నాలో ఉన్నా సరే. పెడల్ వాల్యూమ్ సగంలో ఉంచి ప్లగ్ దూర్చారంటే కోన్ చిరగొచ్చు. తప్పదంటే ఇలా చూడండి: పెడల్ అవుట్‌పుట్, ఆంప్ మాస్టర్ రెండూ సున్నాకి తెచ్చి రిటర్న్‌లో పెట్టండి. తీగ మీటుతూ పెడల్ వాల్యూమ్ వెంట్రుకవాసి చొప్పున పెంచండి. మాస్టర్ సున్నాలో ఉండగానే మోగిందా, ఇక ఆ రాత్రికి వాల్యూమ్ అదుపంతా పెడల్‌దే.

అంతకంటే పెద్ద చిక్కు డీఐ, అంటే మిక్సర్‌కి నేరుగా సిగ్నల్ పంపే అవుట్‌పుట్. చాలా ఆంప్‌లలో డీఐ సిగ్నల్ లూప్‌కి ముందే తీస్తారు. మీరు రిటర్న్‌లోకి వెళ్లారంటే స్టేజి మీద బేస్ దిట్టంగా వినిపిస్తుంది, మిక్సర్‌కి మాత్రం ఏమీ అందదు. సౌండ్ ఇంజినీర్ కేబుళ్లు మారుస్తూ కూర్చుంటాడు. కొన్ని లూప్‌లకి మిక్స్ నాబ్ కూడా ఉంటుంది. అది డ్రై (రిటర్న్ సిగ్నల్ కలవని) వైపు తిప్పి ఉంటే అసలు శబ్దమే రాదు, ఆంప్ పోయిందనుకుంటారు.

నాలుగుతీగలు
డీఐ మాట నిజమే. అయితే నా పెడల్‌కే ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్ ఉంది, మిక్సర్‌కి అది ఇస్తాను. మరి ముందు ఇన్‌పుట్‌లోకి వెళ్తే ప్రీఆంప్ మీద ప్రీఆంప్ పడుతుంది కదా మంద్రం గారూ? పాత సాన్స్‌ఆంప్ బేస్ డ్రైవర్ తీసుకోండి. మిడ్ (మధ్యస్థాయి శబ్దాల) నాబే లేదు, పైగా మిడ్స్‌ని అదే తవ్వేస్తుంది. దాని వెనక ఆంప్ ఇంకోసారి తవ్విందంటే రెండు గిటార్ల మధ్య బేస్ ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆంప్ నాబ్‌లన్నీ 12 గంటల దగ్గర (సరిగ్గా మధ్యలో) పెట్టినా అంతే.

లో_బీ
“అన్నీ 12 గంటల దగ్గర పెడితే ఫ్లాట్”, అంటే ఏ స్థాయి శబ్దమూ పెరగదు, తగ్గదు అని. అసలు జబ్బు ఈ నమ్మకమే, రిటర్న్ కాదు.

ఫెండర్ బ్యాస్‌మ్యాన్ తరహా ప్యాసివ్ టోన్ సర్క్యూట్‌లో మూడు నాబ్‌లూ మధ్యలో ఉంటే మిడ్స్‌లో గుంట పడుతుంది. అక్కడ ఫ్లాట్‌కి దగ్గరగా రావాలంటే బేస్ 2, మిడ్ 10, ట్రెబుల్ 2. చూడటానికి పిచ్చిగా ఉంటుంది గానీ చెవికి సరిపోతుంది. ప్రతి నాబ్‌కీ మధ్యలో సున్నా రాసి, అటూ ఇటూ ప్లస్, మైనస్ ఉన్న ఆంప్ అయితే 12 గంటలు దాదాపు ఫ్లాటే. మార్క్‌బేస్‌లో వీఎల్ఈ, వీపీఎఫ్ అని రెండు నాబ్‌లు ఎక్కువ ఉంటాయి. అవి ఫిల్టర్లు. పూర్తిగా ఎడమకి తిప్పితేనే ఆఫ్. వాటినీ అలవాటుగా మధ్యకి తెస్తే వీఎల్ఈ పై శబ్దాలన్నీ కోసేస్తుంది, వీపీఎఫ్ 380 హెర్ట్జ్ చుట్టూ గొయ్యి తీస్తుంది. ఆ తర్వాత “ఈ ఆంప్ దుప్పటి కప్పుకుని పాడుతోంది” అని తిట్టుకోవడం. ఆంపెగ్‌లో అల్ట్రా లో బటన్ కూడా అలాంటిదే, పేరు చూసి లో పెరుగుతుందనుకుంటారు గానీ అది ముఖ్యంగా 500 హెర్ట్జ్ చుట్టూ గట్టిగా కోస్తుంది.

అందుకే ముందుగా డీప్, బ్రైట్, కాంటూర్ లాంటి బటన్‌లన్నీ ఆఫ్ చేయండి. పెడల్ ఆన్ చేసినా ఆఫ్ చేసినా వాల్యూమ్ ఒకేలా ఉండేట్టు దాని లెవెల్ సరిచేయండి. పాటలో కొట్టబోయే అతి గట్టి దెబ్బ కొడుతూ గెయిన్ పెంచండి, క్లిప్ లైట్ (సిగ్నల్ మితిమీరిందని చూపేది) మినుకుమనగానే కొంచెం తగ్గించండి. యాక్టివ్ (లోపల బ్యాటరీ సర్క్యూట్ ఉన్న) బేస్‌కి గెయిన్ అడుగున ఉన్నా లైట్ వెలుగుతూనే ఉంటే ప్యాడ్ (సిగ్నల్‌ని తగ్గించేది) వాడండి, ఆంపెగ్ ఎస్‌వీటీల్లో -15 డీబీ ఇన్‌పుట్ అందుకే ఉంది. మాస్టర్ చివరన. టోన్ నాబ్‌లు ఆ తర్వాతే ముట్టుకోండి, అదీ కోయడానికే.

ట్రెబుల్ ఎంత పెంచినా మెరుపు రాకపోతే స్పీకర్ క్యాబినెట్ వెనక ట్వీటర్ (పై శబ్దాల చిన్న స్పీకర్) నాబ్ చూడండి. అది పెంచే ఉన్నా ఉలకకపోతే ట్వీటర్ కాలిపోయి ఉండొచ్చు. ఇక ట్రెబుల్ జోలికి పోకండి, ఆ పెంచిందంతా హాల్ స్పీకర్లలో గీరుడుగా తేలుతుంది.

మిక్సర్_వెనక
మీ ఇద్దరి గొడవలో హాల్లో కూర్చున్నవాడికి వచ్చేదీ పోయేదీ లేదు. పీఏ (హాల్ స్పీకర్ల వ్యవస్థ) ఉన్నచోట ఆంప్ అనేది మీకు మీరు వినిపించే మానిటర్, అంతే. నాకు పెడల్ డీఐ ఇవ్వండి. ఆంప్ డీఐ ఒక్కటే ఉంటే ప్రీ (టోన్ నాబ్‌లకి ముందు) మీద పెట్టండి. పోస్ట్‌లో ఉంటే మీరు స్టేజి మీద మీకోసం బేస్ నాబ్ తిప్పిన ప్రతిసారీ హాల్ మొత్తం మారిపోతుంది.

హమ్ వస్తే డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ (కేబుల్ గ్రౌండ్‌ని విడదీసే బటన్) నొక్కండి. కరెంటు ప్లగ్‌లో ఎర్త్ పిన్ మాత్రం ఎన్నడూ తీయొద్దు, ప్రాణాల మీదికి వస్తుంది. పెడల్ ఫాంటమ్ (మిక్సర్ అదే కేబుల్ మీదుగా పంపే 48 వోల్టుల కరెంటు) మీద నడిచేదైతే లిఫ్ట్ నొక్కగానే ఆగిపోవచ్చు, ఆ 48 వోల్టులు తిరిగెళ్లే దారి అదే గనక. అడాప్టర్ దగ్గర ఉంచుకోండి.

బోలు చెక్క స్టేజి మీద 80 నుంచి 125 హెర్ట్జ్ మధ్య ఏదో ఒక స్వరం ఊళ వేస్తుంది. క్యాబినెట్‌ని పెట్టె మీదికి ఎక్కించి కొంచెం వెనక్కి వాల్చండి. ట్వీటర్ మోకాళ్లకి కాకుండా చెవులకి ఎదురొస్తుంది, కాబట్టి తక్కువ వాల్యూమ్‌తోనే మీకు మీరు వినిపిస్తారు. హై-పాస్ (అడుగు శబ్దాల్ని కోసే ఫిల్టర్) ఉంటే 35 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. నాలుగు తీగల బేస్‌లో అట్టడుగు E తీగ 41 హెర్ట్జ్, దానికేం కాదు. ఐదు తీగల బేస్‌లో అట్టడుగు B తీగ 31 అయినా మనం వినేది ఎక్కువగా 62 దగ్గరున్న దాని హార్మోనిక్‌నే.

ఓమ్_లెక్క
జాక్‌ల సంగతి తర్వాత, ముందు వెనక్కి వెళ్లి స్పీకర్ వైరు చూడండి. ఓమ్ అంటే క్యాబినెట్ నిరోధం; రెండు 8 ఓమ్‌ల క్యాబినెట్‌లు ప్యారలల్‌గా కలిస్తే 4. ఒకటి 8, ఒకటి 4 అయితే 2.67. ఆంప్ మీద “కనీసం 4” అని ఉంటే ఈ రెండో జంట కుదరదు. ట్యూబ్ ఆంప్ అయితే స్పీకర్ తగిలించకుండా ఆన్ చేయొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. గిటార్ కేబుల్‌ని స్పీకర్ కేబుల్‌గా వాడటం కూడా వద్దు, సన్నటి తీగ వేడెక్కుతుంది.

నాలుగుతీగలు
పీఏ లేని చిన్న హాల్లో ఆంపే మొత్తం శబ్దం, అక్కడ నా మాట ఇంకా నిలుస్తుంది. పీఏ ఉన్నచోట ముందు ఇన్‌పుట్‌కి ఒప్పుకుంటాను. అయితే లో_బీ చెప్పినట్టు అన్నీ సరిచేశాక కూడా, పాట మధ్యలో శబ్దం సగానికి పడిపోయి, గట్టిగా ఒక దెబ్బ కొట్టగానే తిరిగొచ్చే ఆంప్‌లు ఉంటాయి. దానికేం చేస్తారు?

మంద్రం
అది చాలాసార్లు మీకిష్టమైన రిటర్న్ జాక్ పనే. అందులో ఏమీ పెట్టనప్పుడు సిగ్నల్ ఆ జాక్ లోపలి చిన్న స్విచ్ రేకు మీదుగా పోతుంది. ఏళ్ల తరబడి వాడక రేకుకి చిలుము పడుతుంది. సెండ్ నుంచి రిటర్న్‌కి జానెడు ప్యాచ్ కేబుల్ పెట్టండి, ఆ రేకుతో పని ఉండదు. కేబుల్ లేకపోతే రిటర్న్‌లో ప్లగ్‌ని పది సార్లు దూర్చి తీయండి, మాస్టర్ సున్నాలో పెట్టి, వీలైతే ఆంప్ ఆపేసి.