30 పడకల ఆసుపత్రి: కంప్యూటర్లోకి ముందు ఏది ఎక్కించాలి?

అందరికీ నమస్కారం. పల్నాడులో మాది 30 పడకల ఆసుపత్రి. ఓపీ చీటీ నుంచి డిశ్చార్జ్ సమ్మరీ దాకా ఇప్పటికీ అన్నీ కాగితాలే. ఈ ఏడాది కంప్యూటర్లకు మారాల్సిందేనని డాక్టరుగారు పట్టుబట్టారు. ఆ పని నా నెత్తిన పడింది.

సాఫ్ట్‌వేర్ వాళ్లేమో రిజిస్ట్రేషన్, బిల్లింగ్, ల్యాబ్, ఫార్మసీ, కేస్ షీట్లు అన్నీ ఒకేసారి పెట్టేద్దాం అంటున్నారు. నాకు ధైర్యం చాలట్లేదు. రెండేళ్ల కిందట బిల్లింగ్ ఒక్కటే పెడితే, కరెంటు పోయిన రోజు కౌంటర్ దగ్గర పెద్ద గొడవైంది. మళ్లీ పుస్తకాలకే వచ్చాం.

ముందు రిజిస్ట్రేషన్ అని నా ఆలోచన. ఒకే పేషెంటుకు నాలుగు ఓపీ నంబర్లు ఉంటే పాత రిపోర్టు ఎక్కడ దొరుకుతుంది? 14 అంకెల ఆభా నంబరు (కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు) ఉన్నవాళ్లు ఫోన్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పేరు, వయసు రాసుకునే పని తప్పుతుంది. కానీ మా దగ్గరికి వచ్చేది ఎక్కువగా స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్లు.

ఆ తర్వాత ల్యాబా, ఫార్మసీనా? డబ్బు పోతున్నది మందుల స్టాకులోనే. డాక్టరుగారు మాత్రం కేస్ షీట్లే ముందంటారు (టైపు చేసేది ఆయన కాదుగా!).

చిన్న ఆసుపత్రుల్లో ఇది చేసినవాళ్లు ఏ వరుసలో వెళ్లారు? పాత కేస్ షీట్లు స్కాన్ చేయించారా, వదిలేశారా? నర్సులకు నేర్పడానికి ఎన్నాళ్లు పట్టింది?