లండన్‌లో చివరి రోజు 24 సూట్‌కేసులు ఎక్కడ పెట్టాలి?

హనుమకొండ నుంచి 22 మంది డిగ్రీ విద్యార్థులు, ఇద్దరు లెక్చరర్లు. శుక్రవారం పొద్దున 10కి హోటల్ ఖాళీ చేయాలి, రాత్రి 9కి హీత్రూలో ఫ్లైట్. మధ్యలో బ్రిటిష్ మ్యూజియం. అమరావతి శిల్పాలు అక్కడే ఉన్నాయి, వదులుకోలేం.

చిక్కల్లా చక్రాల సూట్‌కేసులతోనే. మ్యూజియం ఆవరణలోకే రానివ్వరు. హోటల్‌లో అన్నింటికీ చోటు లేదన్నారు. చెకిన్ కౌంటర్ ఫ్లైట్‌కు 3 గంటల ముందుగానీ తెరవరట. కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో సామాను దాచుకోవచ్చు గానీ, బ్యాగుకింత అని లెక్కేస్తే తడిసి మోపెడవుతోంది. పైగా మ్యూజియం దగ్గరున్న రసెల్ స్క్వేర్ స్టేషన్ నుంచి హీత్రూకు మెట్రోలో (పికడిల్లీ లైన్) దాదాపు గంట. సాయంత్రం రద్దీలో అంత సామానుతో అందరూ ఒకే రైలెక్కడం అయ్యే పని కాదు.

రోజంతా కోచ్ బస్సు మాట్లాడుకొని, సామాను అందులోనే ఉంచి మ్యూజియం చూసిన గ్రూపులుంటే, మొత్తం ఎంతయిందో చెప్తారా?