జెండాలో పై రంగు: కాషాయమా, కేసరియా?

జాతీయ జెండా గురించి రాసేటప్పుడు పై పట్టీని అందరూ కాషాయం అనేస్తున్నారు, అది సరైన మాటేనా అని పైన ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. కానీ జవాబుల్లో చాలామంది "కాషాయం హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు, తెలుపు మిగతావాళ్లకు" అంటూ వేరే దారి పట్టారు కాబట్టి రెండిటికీ కలిపి రాస్తున్నాను.

ముందు మాట సంగతి. 1947 జులై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన ఇంగ్లీషు తీర్మానంలో ఆ రంగును ముదురు కుంకుమపువ్వు రంగు అని రాసి, పక్కనే బ్రాకెట్లో కేసరి అని పెట్టారు. కాషాయం అన్న మాట లేదు. కేసరం అంటే పువ్వులో ఉండే సన్నని పోగు, కుంకుమపువ్వుకూ అదే పేరు, కేసరి రంగు అక్కడిది. కాషాయం పుట్టుక వేరు. కషాయంలో ముంచి రంగెక్కించిన బట్ట కాషాయం, మనం జలుబు చేస్తే కాచుకుని తాగే కషాయం కూడా ఆ మాటే. తెలుగులో కావి అంటాం, సన్యాసుల కావి బట్టలు. అది ఎర్రమన్ను ఛాయ. జెండా మీద ఉన్నది ఆ ఛాయ కాదు, కాబట్టి రంగును మాత్రమే చూస్తే కేసరే సరైన పేరు.

మరి మనవాళ్లు కేసరి ఎందుకు అనలేదంటే, నాకు తోచేది ఇదీ: తెలుగులో కేసరి అనగానే సింహం గుర్తొస్తుంది, ఆంధ్రకేసరి ప్రకాశం పంతులు గారు గుర్తొస్తారు, లేదంటే రవ్వ కేసరి. రంగు పేరుగా అది మనకు అలవాటు కాలేదు. పైగా అదే రోజు సభలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ రంగుకు చెప్పిన అర్థం వైరాగ్యం, అంటే నాయకులు సొంత లాభం చూసుకోకుండా పనిచేయాలని. తెలుపు సత్యమార్గమనీ, ఆకుపచ్చ ఈ నేలతో, మొక్కలతో మనకున్న బంధమనీ, చక్రం ధర్మమనీ, కదలికలోనే జీవం ఉందనీ చెప్పారు. వైరాగ్యం అనుకున్నాక కాషాయం అనడం సహజమే, ఆ మాటను తప్పని కొట్టేయలేం.

ఇక మతాల లెక్క. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో పింగళి వెంకయ్య గారు గాంధీజీకి ఇచ్చిన నమూనాలో ఉన్నవి ఎరుపు, ఆకుపచ్చ, రాట్నం. గాంధీజీ తెలుపు కూడా చేర్చాలన్నారు. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు, తెలుపు మిగతా మతాలకు అన్నది ఆ జెండాకు చెప్పిన అర్థం. గమనించండి, అందులో కాషాయమే లేదు! పైన తెలుపు, మధ్యలో ఆకుపచ్చ, అడుగున ఎరుపు.

తర్వాత సిక్కులు తమ రంగు కూడా ఉండాలని అడిగారు, 1931లో కాంగ్రెస్ ఏడుగురితో ఒక కమిటీ వేసింది, అందులో మన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు కూడా ఉన్నారు. జెండా అంతా ఒకే కేసరి రంగులో ఉండి దాని మీద రాట్నం ఉంటే చాలని ఆ కమిటీ చెప్పింది. కాంగ్రెస్ దాన్ని ఒప్పుకోలేదు. ఆ ఆగస్టులో బొంబాయిలో ఎరుపు తీసేసి, కేసరి, తెలుపు, ఆకుపచ్చ అన్న వరుస ఖాయం చేస్తూ, రంగులకు మతాలతో సంబంధం లేదని కూడా స్పష్టం చేశారు. కేసరి ధైర్యానికి, త్యాగానికి, తెలుపు సత్యానికి, శాంతికి, ఆకుపచ్చ విశ్వాసానికి, వీరధర్మానికి. అంటే ఈ రంగు జెండా పైకి ఎక్కిన సందర్భంలోనే మతాల అర్థాన్ని పక్కన పెట్టారు. "కాషాయం హిందువులకు" అనేవాళ్లు 1921 నాటి అర్థాన్ని తెచ్చి 1931 నాటి రంగుకు తగిలిస్తున్నారు, ఇది మాత్రం కచ్చితంగా తప్పు, పిల్లలకు ఇలా చెప్పకండి దయచేసి.

అడిగినవారికి నా సలహా: తీర్మానాన్నో, 2002 నాటి జెండా నియమావళినో తెలుగు చేస్తుంటే కేసరి అనే రాయండి, అక్కడ ఉన్న మాట అదే. వ్యాసంలోనో ఉపన్యాసంలోనో అయితే కాషాయం అన్నా ఇబ్బంది లేదు.