సమస్య: ఎగురువాడు మెట్ల నెక్కలేడు

నిర్వాహకుడు: నిన్న ఆఫీసు గేటు దగ్గర కార్డు పనిచేయక ఇరవై నిమిషాలు నిలబడ్డాను. ముందున్న కుర్రాడి టీషర్టు మీద ఎర్ర దుప్పటి కప్పుకుని ఆకాశంలో దూసుకుపోతున్న వీరుడి బొమ్మ. పాపం, అతని కార్డూ పనిచేయలేదు. ఈ పాదం అక్కడే పుట్టింది. దీన్నే చివరి పాదంగా ఉంచి, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. కానివ్వండి.

మాదాపూర్ మత్తకోకిల:

కార్డు మరచి వచ్చె గగనసంచారుండు
గేటు తెరచుకోదు కేక వేయ
లిఫ్టు కూడ నదియె లేకున్న కదలదు
ఎగురువాడు మెట్ల నెక్కలేడు

కల్పన అనుకోకండి. సోమవారం కార్డు ఇంట్లో మరిచిపోయి వెళ్తే విజిటర్ రిజిస్టర్‌లో రాయమన్నారు. ‘ఎవరిని కలవాలి’ అన్న గడిలో నా పేరే రాశాను. సెక్యూరిటీ అన్న చదివి, “మేడం, ఆవిడ ఇంకా రాలేదు” అన్నాడు.

లఘువు గురువు: ‘గగనసంచారుండు’ బాగుంది. ‘కదలదు’ తర్వాత ‘ఎగురు’... కలిపితే ‘కదలదెగురు’ కావాలి, ఉత్వసంధిని ఎవరు ఎత్తుకుపోయారు? పైగా లిఫ్టు కదలకపోతే ఎవరైనా చేసేది మెట్లెక్కడమే కదమ్మా! మీ మూడో పాదమే నాలుగోదాన్ని కింద పడేస్తోంది.

మాదాపూర్ మత్తకోకిల: వాక్యం అక్కడ ముగిసింది గురువుగారూ, ఇక సంధెందుకు? మెట్ల తలుపుకీ కార్డే కావాలి. ఫైర్ అలారం మోగితేనే ఆ తాళం దానంతటది వదులుతుంది. మీకోసం మోగించమంటారా?

లఘువు గురువు: ఆ తాళం పద్యంలో ఉండాలి. వ్యాఖ్యలో ఉంటే ఎవరికి పనికొస్తుంది?

కూకట్‌పల్లి కందం:

నెలకు నొక్కటేసి నేర్వగ పాస్‌వర్డు
మూడుసార్లు తప్పి మూతపడెను
లోకరక్షకుండు లాగిను లేకుండ
ఎగురువాడు మెట్ల నెక్కలేడు

లఘువు గురువు: మూడో పాదం మొదట్లో ‘లో’, యతి స్థానంలో దానితో కుదరని ‘లా’. తమ్ముడూ, లోకాన్ని రక్షించేవాడికి యతి ఒక్కటి రక్షించడం చేతకాలేదా?

కూకట్‌పల్లి కందం: పోయిన నెల మీరు ‘బిర్యాని’ని ‘బిరియాని’ అని సాగదీస్తే ఎవరైనా నోరెత్తారా?

లఘువు గురువు: అది రెండు రకాలుగానూ ఇంద్రగణమే. సాగితే బిర్యానీ సాగింది, గణం సాగలేదు.

పాతబస్తీ పద్యం: బిరియాని అన్న నాలుక పాతబస్తీలో ఎక్కడా కనపడలేదు. ఊరికే చెబుతున్నా.

నానక్‌రాంగూడ నరుడు: పోట్లాట అయ్యాక ఇది చూడండి.

ముసుగు తీయకున్న మొగమును గుర్తించి
తలుపు తీయదు కద దాని కన్ను
తీసెనేని గుట్టు తెలియును లోకాన
ఎగురువాడు మెట్ల నెక్కలేడు

మాదాపూర్ మత్తకోకిల: అబ్బ! ముందు నుయ్యి, వెనక గొయ్యి. మా మెషిన్ అయితే ముసుగు తీసినా తెరవదన్నా. జుట్టు కత్తిరించుకున్న మర్నాడు నన్నే ‘మళ్ళీ ప్రయత్నించండి’ అంది. అదే సూపర్‌మ్యాన్ వట్టి కళ్ళజోడు పెట్టుకుని పత్రికాఫీసులో కూర్చుంటే పక్క సీటావిడ కూడా పోల్చుకోదు!

నిర్వాహకుడు: ఇప్పటిదాకా నా ఓటు దీనికే. ‘దాని కన్ను’ అని కెమెరా పేరెత్తకుండా కెమెరాను చూపించారు.

లఘువు గురువు: ‘దాని’ అంటే దేని? కెమెరా అని మీకు తెలుసు, పద్యానికి తెలియదు. ‘లోకాన’ తర్వాత నకారం రావాలన్న మాట నేను ఎత్తను. ఎత్తితే మళ్ళీ వాక్యం ముగిసిందంటారు.

పాతబస్తీ పద్యం: అందరూ ఆకాశంలోనే ఉన్నారు. ‘ఎగురు’ అన్న మాట దగ్గర ఒక్కరూ ఆగలేదు.

బాసు మీది కురికి బల్లపై గొట్టును
పంచు మాటలాడి పరువు తీయు
ఏడు చివర చూడ నెదుగుట సున్నయే
ఎగురువాడు మెట్ల నెక్కలేడు

ఎగిరెగిరి దంచినా అంతే కూలి కదా.

నిర్వాహకుడు: నా ఓటు వెనక్కి తీసుకుంటున్నాను! ఎగిరిపడేవాడు, ప్రమోషన్ మెట్లు! నరుడుగారు క్షమించాలి.

నానక్‌రాంగూడ నరుడు: క్షమించాను. అయితే సూపర్‌హీరోను గెంటేశారు, గేటునూ వదిలేశారు. ఇది పద్యమా, మా హెచ్‌ఆర్ పంపిన మెయిలా?

పాతబస్తీ పద్యం: గెంటలేదు నాయనా. 1938లో మొదటి కథలో సూపర్‌మ్యాన్‌కు ఎగరడం రాదు, గెంతడమే. మైలులో ఎనిమిదో వంతు గెంతేవాడు, ఇరవై అంతస్తుల భవనాన్ని దూకి దాటేవాడు. ఆకాశంలో తేలడం తర్వాత అబ్బిన విద్య. ఆ రెంటికీ మన తెలుగులో ఒకటే మాట, ఎగరడం. ఇక గేటు సంగతంటారా, లంకలో హనుమంతుణ్ణి ‘ఎవరు నువ్వు, ఏం పని’ అని నిలదీసిన లంకిణి కంటే పాత సెక్యూరిటీ ఎవరున్నారు? అంత సముద్రాన్ని ఎగిరి వచ్చినవాడు కూడా గుమ్మం దగ్గర ఆగాల్సిందే.

మాదాపూర్ మత్తకోకిల: ఆమెకు ఒక్క గుద్దు చాలింది. మా టర్న్‌స్టైల్‌ను గుద్దితే జీతంలో కోస్తారు.

లఘువు గురువు: కథ బాగుంది. ‘సున్నయే’ అని ఉత్వసంధి తప్పించుకున్నారు, యడాగమానికి దొరికిపోయారు. ‘యెగురువాడు’ కావాలక్కడ.

పాతబస్తీ పద్యం: అందరికీ తాళాలేస్తున్నారు, మీ పూరణ ఏదండీ?

లఘువు గురువు: ఆఫీసు సిస్టంలో ఉంది. ఇంటి నుంచి తెరవాలంటే ఓటీపీ అడుగుతోంది. ఓటీపీ వచ్చే ఫోను ఆఫీసు సొరుగులో ఉంది.

కూకట్‌పల్లి కందం: నా మూడో పాదం మార్చాను. ‘లోకరక్షకుండు లోపలి కెట్లేగు’.

లఘువు గురువు: యతి కుదిరింది. ‘ఏగు’ తర్వాత సంధి?

కూకట్‌పల్లి కందం: ప్రశ్న అక్కడ ముగిసింది గురువుగారూ.